మల్లికా-ఎ-గజల్ బేగం అఖ్తర్

ఉర్దూ గజల్ అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ముందుగా గుర్తుకొచ్చే గొంతు బేగం అఖ్తర్‌ది. ముందు హార్మోనియం, తల మీద కొంగు, ముక్కుకు మెరిసే వజ్రపు ముక్కెర, పెదవుల మీద చిన్న నవ్వు... ఆ ఫోటో చూడనివారు తక్కువ. జనం ఆమెను మల్లికా-ఎ-గజల్ అని పిలుచుకున్నారు. అయితే ఆ గొంతు ఒక దశలో దాదాపు అయిదేళ్ళ పాటు మూగబోయిందన్న సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు. గొంతుకు జబ్బు చేసి అలా జరగలేదు. పరువు కోసం జరిగింది. తవాయిఫ్ కూతురిగా పుట్టి, సినిమా నటిగా పేరు తెచ్చుకుని, బారిస్టర్ గారి బేగంగా పరదా చాటుకు వెళ్ళి, మళ్ళీ తలెత్తుకుని పాటలోకి తిరిగి వచ్చిన ఒక స్త్రీ కథ ఇది.

చేదుతో మొదలైన బాల్యం

అఖ్తరీ 1914 అక్టోబర్ 7న అవధ్ ప్రాంతంలోని ఫైజాబాద్‌లో పుట్టింది. ఇప్పుడు ఆ జిల్లాను అయోధ్య అంటున్నారు. 2018లో పేరు మారింది. తల్లి ముష్తరీ బాయి. పాట తెలిసిన మనిషి. తండ్రి అస్ఘర్ హుసేన్ న్యాయవాది. ఆయన ముష్తరీని ఇష్టపడి రెండో భార్యగా చేసుకున్నారు. కానీ ఆ సంబంధం నిలవలేదు. కవల ఆడపిల్లలు పుట్టిన తర్వాత ఆయన తల్లినీ పిల్లలనూ వదిలేశారు. ఒక అమ్మాయి పేరు జోహరా, రెండో అమ్మాయి అఖ్తరీ. ఇంట్లో ముద్దుపేరు బిబ్బీ.

పిల్లలకు నాలుగేళ్ళ వయసులో ఎవరో పెట్టిన మిఠాయి తిని ఇద్దరూ పడిపోయారు. అందులో విషం కలిసింది. బిబ్బీ బతికింది, జోహరా దక్కలేదు. ఆ తర్వాత వాళ్ళుంటున్న ఇల్లు తగలబడింది. ఇక ఆ ఊళ్ళో నిలువ నీడ లేదని తెలుసుకుని, మిగిలిన ఒక్క బిడ్డను వెంటబెట్టుకుని ముష్తరీ బీహార్‌లోని గయకు, తన బంధువుల దగ్గరికి వెళ్ళిపోయారు. మొగుడి అండ లేని ఆడది, చేతిలో డబ్బు లేదు. ఉన్నదల్లా కూతురి గొంతు మీద నమ్మకం.

బిబ్బీకి ఏడేళ్ళప్పుడు ఊరికి వచ్చిన ఒక నాటక సమాజంలో చంద్రాబాయి అనే నటి పాట విని పరవశించిపోయింది. తనకూ అలా పాడాలని పట్టుబట్టింది. తల్లి ఆ మాటను పిల్లచేష్టగా కొట్టిపారేయలేదు. అయితే పాడితే సరైన ఉస్తాద్ దగ్గర నేర్చుకునే పాడాలన్నది ఆమె పట్టుదల. పాట్నాకు చెందిన సారంగీ విద్వాంసుడు ఉస్తాద్ ఇమ్‌దాద్ ఖాన్ తొలి పాఠాలు చెప్పారు. తర్వాత పటియాలాకు చెందిన ఉస్తాద్ అతా మహమ్మద్ ఖాన్ నేర్పారు. మరికొన్నేళ్ళకు లాహోర్‌కు చెందిన అబ్దుల్ వహీద్ ఖాన్ వంటి ఉద్దండుల దగ్గరా, చివరికి ఉస్తాద్ ఝండే ఖాన్ దగ్గరా శిష్యరికం చేసింది. తెల్లవారకముందే లేచి ఒకే స్వరాన్ని గంటల తరబడి సాధన చేయడం చిన్న పిల్లకు సరదా పని కాదు. కానీ తర్వాతి కాలంలో ఆమె గజల్‌కు అంత బరువు వచ్చింది ఆ సాధన వల్లనే.

కలకత్తా, రికార్డులు, ఖద్దరు చీర

తల్లీకూతుళ్ళు గయ నుంచి కలకత్తా చేరుకున్నారు. ఆ రోజుల్లో గ్రామఫోన్ రికార్డులకు, నాటకాలకు, తర్వాత టాకీలకు కలకత్తాయే పెద్ద కేంద్రం. మెగాఫోన్ కంపెనీ అఖ్తరీ చేత పాడించింది. మొదట్లో విడుదలైన రికార్డులు అంతగా అమ్ముడుపోలేదు. కంపెనీ వాళ్ళు నిరాశపడ్డారు. అప్పుడు ముష్తరీ కూతురిని వెంటబెట్టుకుని బరేలీలో తాము నమ్మే పీర్ దగ్గరికి వెళ్ళారని, ఆయన అఖ్తరీ పాటల పుస్తకం తెరిచి ఒక పేజీ మీద చేయి పెట్టి, దాన్ని పాడమన్నారని చెప్పుకుంటారు. అది బెహ్‌జాద్ లఖ్నవీ రాసిన గజల్. ఆ రికార్డు దేశమంతా మారుమోగింది. పీర్ మహిమను నమ్మేవారు నమ్ముతారు. ఎన్నో ఏళ్ళ సాధన ఆ పిల్ల గొంతులో అప్పటికే సిద్ధంగా ఉందన్నది మాత్రం అందరూ ఒప్పుకోవలసిన మాట.

1934 జనవరి 15న బీహార్‌లో, నేపాల్‌లో ఘోరమైన భూకంపం వచ్చింది. వేలమంది చనిపోయారు. బాధితుల సహాయార్థం కలకత్తాలో కచేరీ ఏర్పాటు చేశారు. గయలో పెరిగిన అఖ్తరీకి బీహార్ పరాయి ప్రాంతం కాదు. ఇంకా ఇరవై నిండని ఆ అమ్మాయి ఆ వేదిక మీద గజళ్ళు, దాద్రాలు పాడింది. శ్రోతల్లో సరోజినీ నాయుడు ఉన్నారు. మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, ఉర్దూ తీయదనం బాగా ఎరిగిన ఆ కవయిత్రి అఖ్తరీని మనసారా మెచ్చుకున్నారు. తర్వాత ఆమెకు ఒక ఖద్దరు చీర పంపించారు. నవాబుల దర్బారుల్లో నగలూ నాణేలూ ఎన్ని వచ్చినా, ఆ చీర విలువ వేరు. ఒక పెద్దింటి విదుషీమణి తవాయిఫ్ కూతురిని కళాకారిణిగా గుర్తించి ఇచ్చిన కానుక అది.

వెండితెర మీద

1931లో ఆలం ఆరాతో హిందీ సినిమాకు మాట వచ్చింది. ప్లేబ్యాక్ పద్ధతి ఇంకా రాలేదు. తెర మీద కనిపించే మనిషే పాడాలి. అందుకే అందంతోపాటు గొంతు కూడా ఉన్నవారి కోసం కంపెనీలు వెతికేవి. అప్పటికే కొరింథియన్ థియేటర్ నాటకాల్లో నటించిన అఖ్తరీని కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ పిలిచింది. 1933లో సి. పుల్లయ్య గారు సతీ సావిత్రిని, ఆ మరుసటి ఏడాది లవకుశను తెలుగులో తీసింది ఈ కంపెనీకే. తొలినాటి తెలుగు టాకీకి ఊపిరి పోసిన చోటే అఖ్తరీబాయి ఫైజాబాదీ కూడా తొలిసారి కెమెరా ముందు నిలబడిందన్నమాట.

ఏక్ దిన్ కీ బాద్‌షాహత్, నల్ దమయంతి, అమీనా, ముంతాజ్ బేగం, జవానీ కా నషా, నసీబ్ కా చక్కర్ - ఇలా నాలుగేళ్ళలో వరసగా సినిమాల్లో నటించారు. డబ్బు వచ్చింది, పేరు వచ్చింది. కానీ స్టూడియో జీవితం ఆమెకు రుచించలేదు. ముక్కలు ముక్కలుగా తీసే దృశ్యాలకన్నా ఎదురుగా కూర్చుని వాహ్ అనే శ్రోతలే ఆమెకు కావాలి. లక్నో చేరి అక్కడ స్థిరపడ్డారు. ఆమె మెహ్ఫిల్‌కు ఆహ్వానం అందడం గొప్పగా భావించే రోజులవి. రాజులు, నవాబులు, కవులు ఆమె అభిమానులు. జిగర్ మురాదాబాదీ వంటి మహాకవితో చనువుగా మాట్లాడగలిగిన గాయని ఆమె.

కొంత విరామం తర్వాత దర్శకుడు మెహబూబ్ ఖాన్ పిలుపు మీద బొంబాయి వెళ్ళి రోటీ చిత్రంలో నటించారు. 1942లో విడుదలైన ఆ చిత్రంలో చంద్రమోహన్, షేక్ ముఖ్తార్, సితారా దేవి ఆమెతోపాటు నటించారు. డబ్బుపిచ్చి మనిషిని ఎలా తినేస్తుందో చెప్పే కథ అది. అనిల్ బిస్వాస్ సంగీతంలో అఖ్తరీ ఆరు గజళ్ళు పాడారు. అయితే నిర్మాణంలో వచ్చిన పేచీల వల్ల వాటిలో కొన్నింటిని సినిమాలోంచి తీసేశారు. అవి మెగాఫోన్ రికార్డుల మీద మిగిలాయి. నటిగా ఆమెకు చెప్పుకోదగ్గ పాత్రల్లో అదొకటి.

పెళ్ళి, మౌనం

ఇంత పేరున్నా ఆమెకు ఒకటి దక్కలేదు. అదే పరువు. అవధ్ సంస్కృతిలో తవాయిఫ్‌లది విచిత్రమైన స్థానం. సంగీతం, కవిత్వం, నాట్యం, అదబ్ అన్నీ వాళ్ళ దగ్గరే భద్రంగా ఉండేవి. పెద్దింటి మగవాళ్ళు వాళ్ళ పాట వినడానికి వెళ్ళేవారు. కానీ అదే పెద్దిళ్ళ గడప లోపలికి వాళ్ళను రానిచ్చేవారు కాదు. తల్లి పడిన అవమానం అఖ్తరీ కళ్ళారా చూశారు. తండ్రి పేరు ఉండీ లేని బతుకు ఏమిటో ఆమెకు తెలుసు. తనకంటూ ఒక గౌరవమైన ఇల్లు కావాలన్న కోరిక ఆమెలో బలంగా ఉండేది.

1945లో లక్నోకు చెందిన బారిస్టర్ ఇష్తియాక్ అహ్మద్ అబ్బాసీతో ఆమె నికాహ్ జరిగింది. ఆయన చదువుకున్నవారు, కవిత్వం ఎరిగినవారు, పెద్ద ఖాందాన్‌కు చెందినవారు. అఖ్తరీబాయి ఫైజాబాదీ అన్న పేరు పోయి బేగం అబ్బాసీ వచ్చింది. బాయి నుంచి బేగం కావడానికి ఆమె చెల్లించిన మూల్యం పాట. ఆ కాలపు పెద్ద కుటుంబాల్లో ఇంటి కోడలు నలుగురిలో పాడడం ఊహకందని విషయం. ఆయన ఒక్కరినే తప్పు పట్టే వీలు లేదు. ఆ ఇంటి చుట్టూ ఉన్న సమాజమంతా అదే మాట అనేది. ఆమె కూడా తెలిసే ఒప్పుకున్నారు.

వంటిల్లు, పరదా, బంధువులు, పండగలు - అన్నింటినీ ఆమె శ్రద్ధగా నేర్చుకున్నారు. మంచి ఇల్లాలు అనిపించుకున్నారు. కానీ ఏడేళ్ళ వయసు నుంచి రోజూ పాడిన గొంతు ఒక్కసారిగా ఆగిపోతే మనిషి ఏమవుతుంది? దానికి తోడు కడుపు పండి నిలవకపోవడం ఆమెను మరింత కుంగదీసింది. తిండి సయించదు, నిద్ర పట్టదు. దిగులు మనసును దాటి ఒంటిని కూడా పట్టుకుంది. మందులు పనిచేయలేదు. చివరికి ఆమెను మళ్ళీ పాడనివ్వడమే అసలు మందు అన్న సలహా వచ్చింది. అబ్బాసీ గారు ఒప్పుకున్నారు. ఆయన మొదట పెట్టిన షరతును మనం ఎలా చూసినా, భార్య ప్రాణం ముందు నలుగురి మాటను పక్కన పెట్టారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రేడియోతో రెండో జన్మ

1949లో ఆమె లక్నో ఆకాశవాణి కేంద్రానికి వెళ్ళారు. మూడు గజళ్ళు, ఒక దాద్రా పాడారు. పాట ముగిశాక వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ ఏడుపులో ఏముందో వేరే చెప్పనక్కర్లేదు. అప్పటి నుంచి చనిపోయేదాకా ఆమె పాట ఆపలేదు.

ఆ రోజుల్లో రేడియో సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. స్వాతంత్ర్యం వస్తున్న కాలంలో ఆకాశవాణిలో తవాయిఫ్ వర్గానికి చెందిన గాయనుల మీద ఆంక్షలు వచ్చాయి. సంసార స్త్రీలకే తలుపులు తెరుస్తామన్న ధోరణి అధికారుల్లో కనిపించింది. చాలామంది గాయనులు బాయి అన్న పేరు వదులుకుని దేవి, బేగం వంటివి చేర్చుకున్నారు. కొందరు పాటే వదులుకున్నారు. అఖ్తరీబాయి అదే రేడియోలోకి బేగం అఖ్తర్‌గా అడుగు పెట్టారు. ఏ పెళ్ళి ఆమె గొంతు నొక్కిందో, ఆ పెళ్ళి ఇచ్చిన పేరే ఆమెకు కొత్త తలుపు తెరిచింది.

అయినా సొంత ఊళ్ళో కట్టుబాటు మిగిలే ఉంది. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా ఎక్కడైనా పాడేవారు కానీ లక్నోలో నలుగురి ముందు వేదిక ఎక్కేవారు కాదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు నిధుల కోసం ఆడవాళ్ళకు మాత్రమే ఏర్పాటైన ఒక సభలో ఆమె లక్నోలో పాడారు. దేశం మొత్తం విన్న గొంతును సొంత ఊరు ఎదురుగా వినడానికి అన్నేళ్ళు పట్టింది.

ఆ గొంతులో ఏముంది?

గజల్‌లో ప్రతి షేర్ రెండు పాదాల్లో తనకు తానుగా నిలబడే కవిత. దాశరథి గారి గాలిబ్ గీతాలు చదివిన తెలుగువారికి ఆ సంగతి తెలుసు. పాడేవారు రాగం మోజులో పడితే మాట నలిగిపోతుంది. మాటనే పట్టుకుంటే పాట చదువులా మారిపోతుంది. బేగం అఖ్తర్ ఈ రెంటి మధ్య దారి పట్టుకున్నారు. ఠుమ్రీలో ఒకే మాటను రకరకాలుగా పలికి భావం రాబట్టే పద్ధతి ఉంది. ఆమె దాన్ని గజల్‌లోకి తెచ్చారు. మొదటి పాదాన్ని రెండు మూడుసార్లు పాడేవారు. ఒకసారి అది ప్రశ్నలా వినిపించేది, మరోసారి ఫిర్యాదులా, ఇంకోసారి నిట్టూర్పులా. శ్రోత రెండో పాదం కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవాడు. అప్పుడు తాపీగా దాన్ని వదిలేవారు. స్వరం పైకి వెళ్ళినచోట ఆమె గొంతు క్షణంపాటు సన్నగా చీలేది. మరొకరిలో అయితే అది దోషం. ఆమెలో జనం దానికోసమే ఎదురుచూసేవారు.

మీర్, గాలిబ్, మోమిన్, దాగ్ వంటి పాతకవులతోపాటు జిగర్, ఫైజ్, షకీల్ బదాయూనీ, కైఫీ ఆజ్మీ వంటి సమకాలికులనూ పాడారు. చాలా గజళ్ళకు బాణీ ఆమే కట్టుకునేవారు. రాగం పునాది మీద, వినడానికి తేలిగ్గా ఉండేలా కట్టేవారు. దాదాపు నాలుగు వందల పాటలు ఆమె పేరున ఉన్నాయి. షకీల్ గారి గజల్ ఒకటి ఆమె పేరుతో ముడిపడిపోయింది. బొంబాయి నుంచి రైలు ఎక్కుతున్నప్పుడు ఆయన ఆ కాగితం చేతికిచ్చారని, దారిలోనే ఆమె బాణీ కట్టి, లక్నో చేరాక రేడియోలో పాడారని సంగీతప్రియులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రేమ చివరికి ఏమిచ్చిందో తలచుకుని కన్నీరు పెట్టే ఆ గజల్ లేకుండా ఆమె కచేరీ ముగిసేది కాదు.

1958లో సత్యజిత్ రాయ్ తీసిన జల్సాఘర్ అనే బెంగాలీ చిత్రంలో ఆమె గాయనిగా కనిపించారు. ఆస్తి హారతి కర్పూరంలా కరిగిపోతున్నా సంగీత సభలు మానుకోలేని జమీందారు కథ అది. ఆ పాత్ర ఛబీ బిస్వాస్‌ది, సంగీతం ఉస్తాద్ విలాయత్ ఖాన్‌ది. జమీందారు ఇంటి సభలో బేగం అఖ్తర్ పాడే దృశ్యాన్ని ఇప్పటికీ చూడవచ్చు. ఆమె మెహ్ఫిల్ ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే నేటి యువతీయువకులకు అది మంచి కానుక.

అమ్మీ

కన్నబిడ్డలు నిలవని ఆమెకు శిష్యురాళ్ళే బిడ్డలయ్యారు. శాంతి హీరానంద్, అంజలీ బెనర్జీ, రీతా గంగూలీ వంటివారు ఆమె దగ్గర నేర్చుకున్నారు. గురుశిష్య సంబంధానికి గుర్తుగా ఉస్తాద్‌లు శిష్యుడి చేతికి గండా కట్టడం ఆనవాయితీ. ఆమె తన శిష్యురాళ్ళకు ఆ గండా కట్టారు. లక్నోలోని భాత్‌ఖండే సంగీత కళాశాలలోనూ పాఠాలు చెప్పారు. గౌరవమైన ఇళ్ళ ఆడపిల్లలు, హిందువులు కూడా, ఆమె ఇంటికి వచ్చి కూర్చుని ఠుమ్రీ, దాద్రా, గజల్ నేర్చుకున్నారు. శాంతి హీరానంద్ తర్వాతి కాలంలో గురువు మీద రాసిన పుస్తకంలో ఆమెను అమ్మీ అనే పేర్కొన్నారు. ఒకప్పుడు ఏ ఇళ్ళ గడప ఆమె తల్లి దాటలేకపోయిందో, ఆ ఇళ్ళ కూతుళ్ళు ఆమెను అమ్మ అన్నారు.

1968లో పద్మశ్రీ, 1972లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చాయి. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా ప్రయాణాలు మానలేదు. 1974 అక్టోబర్‌లో స్నేహితురాలి ఆహ్వానం మీద అహ్మదాబాద్ వెళ్ళారు. ఒంట్లో నలతగా ఉన్నా వేదిక ఎక్కారు. తన పాట తనకే తృప్తిగా లేదనిపిస్తే ఆమె ఒంటిని లెక్కచేయకుండా శ్రుతి పెంచి పాడేవారు. ఆ కచేరీ తర్వాత ఇక కోలుకోలేదు. 1974 అక్టోబర్ 30న కన్నుమూశారు. అప్పుడు ఆమె వయసు 60 ఏళ్ళు. భౌతికకాయాన్ని లక్నో తీసుకువచ్చి, ఠాకూర్‌గంజ్ ప్రాంతంలోని పసంద్ బాగ్‌లో తల్లి ముష్తరీ సమాధి పక్కనే ఖననం చేశారు.

మరణానంతరం 1975లో పద్మభూషణ్ ప్రకటించారు. 1994లో తపాలా శాఖ ఆమె పేరున బిళ్ళ విడుదల చేసింది. 2014లో శతజయంతి సందర్భంగా కేంద్ర ప్రభుత్వం స్మారక నాణేలు తెచ్చింది. చాలాకాలం ఆలనాపాలనా లేకుండా పడివున్న ఆ సమాధులను 2012లో ఆమె అభిమానులు బాగుచేయించారు. ఎర్ర ఇటుకల గోడ మధ్య తల్లీకూతుళ్ళు పక్కపక్కనే ఉన్నారు.

బేగం అఖ్తర్ అదృష్టవంతురాలు. ఆమె ముందే పేరున్న గాయని కాబట్టి మౌనం ఆమెను పీల్చేస్తుంటే చుట్టూ ఉన్నవారికి అర్థమైంది. పాడనివ్వమని అడిగేవారు దొరికారు, ఒప్పుకునే భర్త దొరికాడు. ఆ కాలంలో ఆమెలాగే పాడి, ఆమెలాగే పరువు కోసం పాట మానుకుని, తిరిగి రాని స్త్రీలు ఎందరో ఉన్నారు. పాత రికార్డుల లేబుళ్ళ మీద వాళ్ళ పేర్లు మిగిలాయి, అంతే. మన ఇళ్ళలో బాగా పాడే ఆడపిల్ల ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆమె గొంతు విన్నప్పుడు మనం ఏం చేస్తున్నామో ఆలోచించుకోవడానికి ఈ ఒక్క జీవితం చాలు.